'గిఫ్టెడ్' అని ఎవరిని అంటున్నారు? రాయ్‌పూర్ బడుల నుంచి కొన్ని ప్రశ్నలు

రాయ్‌పూర్‌లో పేరున్న ప్రైవేటు బడుల బ్రోషర్లలో ఈ మధ్య ఒక మాట బాగా కనిపిస్తోంది: 'గిఫ్టెడ్ లెర్నర్స్'. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఒక పరీక్ష పెట్టి కొందరు పిల్లల్ని వేరు చేస్తారు. వాళ్ళకు వారానికి రెండు మూడు పీరియడ్లు 'లాంగ్వేజ్ ఆర్ట్స్' పేరుతో వేరే తరగతి ఉంటుంది. తల్లిదండ్రులు ఆ సంగతి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంటారు. నేను ఈ నగరంలో ఉండి ప్రాథమిక తరగతుల భాషా బోధన మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ పనిలో భాగంగా రెండేళ్ళుగా అలాంటి తరగతుల్లో వెనక బెంచీ మీద కూర్చుంటున్నాను. ఉర్లా, సిల్తరా వైపు ఇనుము ఫ్యాక్టరీల్లో పనిచేసే కూలీల పిల్లలు చదివే సర్కారు బడుల్లోనూ కూర్చుంటున్నాను. చూసినదాన్ని బట్టి నేను చెప్పేది ఇది: ఆ తరగతి మంచిది. అందులోకి పిల్లల్ని ఏరే పద్ధతి మాత్రం కులం చేసే పనే చేస్తోంది. దీన్ని 'డబ్బున్నోళ్ళ గోల' అని మనం వదిలేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఇది ప్రైవేటు బడుల దగ్గర ఆగడం లేదు.

ఆ తరగతిలో ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. పిల్లలు పద్దెనిమిది మంది, కింద చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. టీచర్ ఒక కథ సగం చదివి ఆపుతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పమంటుంది. ఒక్కొక్కరూ ఒక్కో ముగింపు చెబుతారు. ఏదీ తప్పు కాదు. 'ఎందుకలా అనుకున్నావు?' అని మాత్రం అడుగుతుంది. ఆ తర్వాత ఎవరి ముగింపు వాళ్ళు రాస్తారు. టీచర్ ఎర్ర పెన్ను తీయదు. పక్కవాళ్ళకు చదివి వినిపించమంటుంది, విన్నాక మళ్ళీ రాయమంటుంది. ఇంకో రోజు ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో ఇంటర్వ్యూ చేసి రమ్మంటుంది. ఇంకో రోజు పాఠాన్ని నాటకంగా వేస్తారు. కొత్త మాటలతో సొంత నిఘంటువు తయారు చేసుకుంటారు.

ఇందులో 'గిఫ్టెడ్' పిల్లలకు మాత్రమే పనికొచ్చేది ఏముంది? నేను చాలాసార్లు వెతికాను. నాకు కనపడలేదు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం ఏ పిల్లకైనా నేర్పాల్సిన తీరు ఇదే. పక్క గదిలో, 'గిఫ్టెడ్' కాని పిల్లలు అదే పీరియడ్‌లో బోర్డు మీది ప్రశ్నలూ జవాబులూ నోటుబుక్కులోకి ఎక్కించుకుంటుంటారు. సర్కారు బడిలో సంవత్సరం పొడుగునా అదే పని. అంటే అసలు భాషా బోధనను ఒక చిన్న గదిలో పెట్టి, దానికి తలుపు పెట్టి, తలుపు మీద ఒక పేరు రాశారు. మిగతావాళ్ళకు ఇస్తున్నది చేతిరాత.

ఇక తలుపు సంగతి. ఆ పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది. మాటల అర్థాలు, వ్యతిరేక పదాలు, 'పక్షికి గూడు అయితే గుర్రానికి ఏది?' లాంటి పోలికలు. గుర్రపుశాలకు ఇంగ్లిష్ మాట ఏడేళ్ళ పిల్లకు తెలిసిందంటే ఆ పిల్ల ఇంట్లో బొమ్మల పుస్తకాలున్నాయని అర్థం. తెలివి ఎంతో దానివల్ల తెలియదు. నేను కూర్చున్న ఒక తరగతిలో ఇంటిపేర్లు చూస్తే ఈ నగరంలో ఎవరి దగ్గర భూమి ఉందో, ఎవరి దగ్గర దుకాణాలున్నాయో, ఎవరు వకీళ్ళో డాక్టర్లో చెప్పేయొచ్చు. సత్నామీ ఇంటిపేరు ఒక్కటీ లేదు. గోండు ఇంటిపేరు ఒక్కటీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో ఎస్టీలు 30.6 శాతం, ఎస్సీలు 12.8 శాతం. 'ఈ తేడా ఎందుకొచ్చింది?' అని ఆ బడిలో ఒకరిని అడిగాను. 'మేం కులం చూడం మేడమ్, టాలెంట్ మాత్రమే చూస్తాం' అన్నారు. ఈ జవాబు వినని దళిత రీసెర్చ్ స్కాలర్ ఈ దేశంలో ఎవరైనా ఉన్నారా?

'గిఫ్ట్' అంటే ఇచ్చినది. ఎవరు ఇచ్చారు? పుట్టుకతో వచ్చిందంటారు. ఈ గడ్డ మీద పుట్టుకతో వచ్చేది ఇంకొకటి ఉందని మనకు తెలుసు. ఈ పోలిక నా కోపం కొద్దీ చేసింది కాదు, ఈ ఆలోచన చరిత్రలోనే ఉంది. ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే 1905లో పరీక్ష తయారు చేసింది బడిలో సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడానికి. దాన్ని అమెరికాకు తెచ్చి తలకిందులు చేసింది లూయిస్ టెర్మన్. 1916లో స్టాన్‌ఫర్డ్-బినే పరీక్ష తయారు చేశాడు, 1921లో 'మేధావి పిల్లల' మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టాడు. నల్లజాతి, మెక్సికన్ పిల్లల్లో కనిపించే 'మందకొడితనం' జాతి లక్షణమేనని నమ్మి రాసినవాడు, యూజెనిక్స్ ఉద్యమంలో తిరిగినవాడు. ఆయన పిల్లల్ని ఏరడంలో మొదటి మెట్టు ఏమిటంటే టీచర్లను పేర్లు చెప్పమనడం. అలా ఏరిన దాదాపు 1,500 మందిలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. ఆయన పరీక్షలో తప్పిన ఇద్దరికి, విలియం షాక్లీకి 1956లో, లూయిస్ ఆల్వరెజ్‌కు 1968లో, ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. (ఆ షాక్లీ తర్వాత నల్లవాళ్ళకు పుట్టుకతోనే తెలివి తక్కువని ఊరూరా ప్రసంగాలు చేశాడు. పరీక్షలో తప్పినా పరీక్ష మీద భక్తి పోలేదు.)

అమెరికాలోనే దీనికి విరుగుడు లాంటి అనుభవం కూడా ఉంది. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో గిఫ్టెడ్ తరగతులకు టీచర్లో తల్లిదండ్రులో పేరు సూచిస్తేనే పరీక్ష పెట్టేవారు. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. డేవిడ్ కార్డ్, లారా జులియానో ఈ లెక్కలు 2016లో ప్రచురించారు. పిల్లలు మారలేదు, చూసే కన్ను మారింది. డబ్బుల కోత వచ్చి అందరికీ పెట్టే పరీక్ష ఆపేశాక ఆ సంఖ్య మళ్ళీ పడిపోయింది.

మన దగ్గర చూసే కన్ను ఎలాంటిదో చెప్పే పరిశోధనలు రెండున్నాయి. కులం మీద పనిచేసే విద్యార్థులు ఈ రెండూ చదవాలి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల ఆటలిచ్చారు. కులం ఎవరూ ఎత్తనప్పుడు కింది కులాల పిల్లలూ పై కులాల పిల్లలూ సమానంగానే విప్పారు. పేరు, తండ్రి పేరు, కులం అందరి ముందూ చదివాక కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. కులాల వారీగా వేరు గదుల్లో కూర్చోబెట్టినా పడిపోయింది. ఈ వ్యాసం 2006లో వచ్చింది. రెండోది రీమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించినది. ఒకే జవాబుపత్రం మీద వేరు వేరు కులాలు రాసి టీచర్లతో దిద్దించారు. కింది కులమని రాసి ఉంటే మార్కులు కాస్త తగ్గాయి. ఆ తగ్గించడం ఎక్కువగా చేసింది కింది కులాల నుంచి వచ్చిన టీచర్లే. ఈ చివరి వాక్యం చదివినప్పుడు నాకు రెండు రోజులు వేరే పని చేయబుద్ధి కాలేదు.

దాన్ని నేను కళ్ళారా చూశాను కూడా. ఒక సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతులకు కలిపి ఒకే గది, ఒకే గురూజీ. ఆయనా సత్నామీయే. హిందీ అక్షరాల చార్టు చూపిస్తూ 'మ' దగ్గర నెమలి బొమ్మ మీద బెత్తం పెట్టి 'మోర్' అన్నారు. హిందీలో మోర్ అంటే నెమలి. ఛత్తీస్‌గఢీలో మోర్ అంటే 'నాది'. నెమలిని వాళ్ళు మంజూర్ అంటారు. ముందు వరసలో ఒక చిన్న పాప లేచి ఛత్తీస్‌గఢీలో అడిగింది: 'మీదైతే మాకెందుకు చూపిస్తున్నారు గురూజీ?' గదంతా నవ్వు. ఆ పాపకు రెండు భాషల మధ్య ఉన్న తేడా తెలుసు. తెలిసే ఆడుకుంది. ఆరేళ్ళకే శ్లేష కట్టింది. ఆ నిమిషం చాపలేసిన గదిలో జరిగి ఉంటే టీచర్ ఫోన్ తీసి వీడియో చేసేది. ఇక్కడ గురూజీ 'హిందీలో సరిగ్గా మాట్లాడు' అని తర్వాతి అక్షరానికి వెళ్ళిపోయారు. ఆయన్ను తప్పుపట్టడం తేలిక. రెండు తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన వివరాలు, పైగా ఎప్పుడు ఏ డ్యూటీ పడుతుందో తెలియని బతుకు. ఆయన చదువుకున్నప్పుడు ఆయనకూ అదే చెప్పి ఉంటారు.

ఛత్తీస్‌గఢీ ఈ రాష్ట్రానికి అధికార భాష. 2007 నవంబరు 28న శాసనసభ ఆ బిల్లు ఆమోదించింది, ఏటా ఆ రోజు రాజభాషా దినం జరుపుతారు. 2011 లెక్కల్లో కోటీ అరవై రెండు లక్షల మంది తమ మాతృభాషగా రాయించుకున్నారు. ఆ భాషలో పొడుపుకథల్ని జనౌలా అంటారు, సామెతల్ని హానా అంటారు. సర్కారు బడి పిల్లలకు జనౌలాలు డజన్ల కొద్దీ వస్తాయి. పోలిక పట్టడం, రెండర్థాల మాట వాడటం, విన్నవాణ్ణి తప్పుదారి పట్టించడం అన్నీ వాటిలో ఉన్నాయి. గిఫ్టెడ్ పరీక్ష కొలుస్తామని చెప్పేది కూడా వీటినే కదా! కాకపోతే గుర్రపుశాలతో కొలుస్తారు.

ఈ ప్రాంతం నుంచి వచ్చిన ఒక పేరు చెబితే ఈ కొలత ఎంత బోలుగా ఉందో తెలుస్తుంది. తీజన్ బాయి. భిలాయ్ దగ్గరి గనియారీ ఊరు, పార్ధీ సమాజం. బడికి పోలేదు. చిన్నప్పుడు తాత దగ్గర విని మహాభారతం నేర్చుకుంది. ఆడవాళ్ళు కూర్చుని పాడాల్సిన పండవానీని లేచి నిలబడి, తంబూరా పట్టుకుని, భీముడూ తానే దుశ్శాసనుడూ తానే అయి చెప్పింది. కులంవాళ్ళు వెలేశారు. 1980ల చివర్లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ కూడా అంతే, ఊళ్ళలో నాచా ఆడే కళాకారుల్ని తీసుకుని వాళ్ళ భాషలోనే 'చరణ్‌దాస్ చోర్' ఆడించాడు. 1982లో ఎడిన్‌బరోలో దానికి అవార్డు వచ్చింది. వీళ్ళ భాషా ప్రతిభ గురించి రాజధానిలో ఇప్పుడు ఎవరికీ అనుమానం లేదు. వాళ్ళు ఏడేళ్ళ పిల్లలుగా ఉన్నప్పుడు చూడగల బడి మాత్రం లేదు, ఇప్పటికీ లేదు. మనకు చిందుల ఎల్లమ్మ ఉంది. ఆమె సంగతీ ఇంతే.

ఏరివేత లేకుండా భాష నేర్పితే ఏమవుతుందో కూడా మన చరిత్రలోనే ఉంది. ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే, మాంగ్ కులపు బాలిక, పదిహేనేళ్ళు నిండకముందే మాంగులు, మహార్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. 1855లో 'జ్ఞానోదయ' పత్రిక దాన్ని అచ్చేసింది. మతం గురించి, తిండి గురించి, పురుడు పోసుకునే ఆడవాళ్ళకు నీడ లేకపోవడం గురించి నిలదీసి రాసింది. ఆమెను ఎవరూ పరీక్ష పెట్టి ఏరలేదు. ఆ కులాల పిల్లలకు బడి పెట్టారు, అక్షరం ఇచ్చారు, సొంత మాట రాయనిచ్చారు. 1882లో హంటర్ కమిషన్ ముందు ఫూలే అడిగింది కూడా పైవాళ్ళ చదువుకు పోస్తున్న డబ్బు ప్రాథమిక విద్యకు తిప్పమనే. బాబాసాహెబ్‌కు బడిలో సంస్కృతం చదవాలని ఉంది. అంటరానివాడివని ఇవ్వలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఏ భాష ఎవరికి తగుతుందో ముందే తేల్చేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా పద్యం రాస్తే ఆ పద్యం కన్నా ముందు ఆయన కులం అడిగారు.

ఇప్పుడు మనవాళ్ళ నుంచే వచ్చే ప్రశ్న. నవోదయ లేకపోతే, గురుకులం లేకపోతే మన పిల్లలు ఎక్కడ ఉండేవాళ్ళు? మెరిట్ పరీక్షలో మనమూ గెలవగలమని చూపించింది ఆ బళ్ళే కదా? ఈ ప్రశ్న నాకు బయటిది కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక మాదిగ ఇంట్లో పుట్టాను. ఐదో తరగతికి సాంఘిక సంక్షేమ గురుకులం పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాను. ఆ బడి వల్లే ఇక్కడ ఉన్నాను. అంతకు రెండేళ్ళ ముందు మా అన్న అదే పరీక్ష రాసి తప్పాడు. చిందు భాగోతం ఒకసారి చూసొస్తే తెల్లారి పద్యాలూ మాటలూ వరసగా అప్పజెప్పేవాడు. ఇప్పుడు పత్తి మిల్లులో హమాలీ. గురుకులాలు పెరగాలి, నిధులు పెరగాలి, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ కొద్ది సీట్లు ఉన్నప్పుడు జనాన్ని తగ్గించడానికి పెట్టిన పరీక్షను తెలివికి కొలబద్ద అని మనమే నమ్మడం మొదలుపెడితే, బయట మిగిలిన మన పిల్లలకు తెలివి లేదని మనమే ఒప్పుకున్నట్టు.

నవోదయ పరీక్షే చూడండి. ఆరో తరగతికి 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. అన్నీ గళ్ళు నింపేవే. పిల్ల ఒక్క వాక్యం రాయనక్కర్లేదు, ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. గోండీ, హల్బీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్ల హిందీలోనో ఇంగ్లిష్‌లోనో రాయాలి. తర్వాత ఆ 25 మార్కుల కోసం నాలుగో తరగతి నుంచే కోచింగ్. రాయ్‌పూర్ వీధుల్లో నవోదయ కోచింగ్ బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పుట్టుకతో వచ్చే వరానికి ఇంత ఫీజు ఎందుకో ఆ బోర్డులు పెట్టినవాళ్ళే చెప్పాలి.

ఇదే నగరంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. 2020లో మొదలైన స్వామి ఆత్మానంద్ ప్రభుత్వ ఇంగ్లిష్ మీడియం బడుల్లో ఒకటో తరగతికి సీట్ల కన్నా అర్జీలు ఎక్కువ వస్తే లాటరీ తీస్తారు. ఆ పథకం మీద నాకు విమర్శలున్నాయి. ఆ బళ్ళ కోసం హిందీ మీడియం పిల్లల్ని పక్క బళ్ళకు పంపారని చాలాచోట్ల నిరసనలు జరిగాయి. కానీ లాటరీ ఒక్క విషయంలో నిజాయితీగా ఉంది. సీటు రాని పిల్ల మొహం మీద 'నీకు తెలివి లేదు' అని రాయదు. సీట్లు చాలలేదని మాత్రమే చెబుతుంది. అప్పుడు తల్లిదండ్రులు పిల్లను తిట్టరు, సీట్లు పెంచమని సర్కారును అడుగుతారు.

జాతీయ విద్యా విధానం 2020లో ప్రత్యేక ప్రతిభ గల విద్యార్థుల గురించి ఒక భాగం ఉంది. ప్రతి విద్యార్థిలోనూ సహజ ప్రతిభ ఉంటుందనే మాటతోనే అది మొదలవుతుంది. రెండు పేరాలు దాటేసరికి క్లబ్బులు, ఒలింపియాడ్లు వస్తాయి. అదే పత్రం కనీసం ఐదో తరగతి దాకా వీలైనచోట ఇంటిభాషలో బోధన అంటుంది. ఇక్కడి ప్రభుత్వం కూడా 18 స్థానిక భాషల్లో ప్రాథమిక పుస్తకాలు తెస్తామని 2024లో ప్రకటించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పైవాళ్ళ పిల్లలకు ఇంగ్లిష్‌లో ఆలోచించే తరగతి, కిందివాళ్ళ పిల్లలకు మాతృభాషలో ఎక్కించుకునే తరగతి వచ్చే ప్రమాదం ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం అన్నప్పుడు తెలుగు చచ్చిపోతుందని ఏడ్చినవాళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో ఉన్నారో మనకు తెలుసు. కాబట్టి మాతృభాష మీద ప్రేమ పేరుతో మన పిల్లలకు ఇంగ్లిష్ ఆపే వాదన ఏదొచ్చినా నేను దాని పక్కన నిలబడను. అలాగని నెమలి దగ్గర శ్లేష కట్టిన పాపను హిందీ పేరుతోనో ఇంగ్లిష్ పేరుతోనో నోరు మూయించడం కూడా నాకు అక్కర్లేదు. ఇంటిభాషలో జనౌలా చెప్పి, దాన్ని హిందీలోకి, ఇంగ్లిష్‌లోకి తిప్పడానికి పిల్లలు కొట్టుకునే తరగతి సాధ్యమే. 'మోర్' హిందీలో ఎందుకు నవ్వు తెప్పించదో, ఇంగ్లిష్‌లో ఆ జోకు ఎందుకు చచ్చిపోతుందో పిల్లలే కనిపెడతారు. నేను ఒక బడిలో హెడ్‌మాస్టర్ అనుమతితో పన్నెండు వారాలు ఇలా చేశాను. ఏ పరీక్షా పెట్టలేదు, ముప్పై నాలుగు మంది పిల్లలూ ఉన్నారు. కొందరు పది వాక్యాలు రాశారు, కొందరు ఒకటి. ఒక అబ్బాయి పన్నెండు వారాల్లో ఏమీ రాయలేదు. కానీ మిగతావాళ్ళు రాసినవి ఎవరివి బాగాలేదో, ఎందుకు బాగాలేదో వాడే చెప్పేవాడు, వాళ్ళు వాడి మాట విని మార్చుకునేవాళ్ళు.

'వేగంగా నేర్చుకునే పిల్లలు విసిగిపోరా?' అని అడుగుతారు. విసిగేది బోర్డు మీది జవాబు ఎక్కించడానికి. దానికి అందరూ విసుగుతారు, నెమ్మదివాళ్ళూ విసుగుతారు. సొంతంగా రాసే తరగతిలో ఎవరి పని వాళ్ళ కొలతకు ఉంటుంది. ముందున్న పిల్లకు పెద్ద పుస్తకం ఇవ్వండి, ఎవరొద్దన్నారు? పుస్తకం ఇవ్వడానికి వేరే గది, వేరే పేరు, సర్టిఫికెట్ అక్కర్లేదు.

2025లో ఈ రాష్ట్రంలో పది వేలకు పైగా బడులను 'యుక్తియుక్తకరణ్' పేరుతో విలీనం చేశారు. ఎక్కువ భాగం ఒకే ఆవరణలో ఉన్న బళ్ళేనని ప్రభుత్వం అంటోంది. విలీనమైన చోట టీచర్లు ఎంతమంది తగ్గారో, ఒకటి, రెండు తరగతుల గదిలో ఇప్పుడు ఎంతమంది పిల్లలున్నారో బడి వారీగా బయటపెట్టమని విద్యార్థి సంఘాలు అడగాలి. రాయ్‌పూర్‌లో ఉన్న మనవాళ్ళు ఇంకొకటి కూడా అడగొచ్చు. గిఫ్టెడ్ తరగతి నడిపే ప్రతి బడీ, విద్యాహక్కు చట్టం 25 శాతం కోటా కింద చేరిన పిల్లల్లో ఎంతమంది ఆ గదిలో కూర్చున్నారో చెప్పాలని. నేను మూడు బడుల్ని అడిగాను. ఇద్దరు జవాబివ్వలేదు. మూడోవాళ్ళు ఫోన్‌లో చెప్పారు, కాగితం మీద ఇవ్వమన్నారు: సున్నా.